కుండలోని జవాబు

మా బడి గేటు దగ్గర ఒక ముసలాయన మూడు రోజులు వరుసగా నిలబడ్డాడు. పొద్దున ప్రార్థన మొదలయ్యే వేళకు వచ్చేవాడు. పిల్లలందరితో కలిసి నేను పాడుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. పాట అయిపోగానే వెళ్ళిపోయేవాడు. నాలుగో రోజు చప్రాసీ చేత కబురు పంపించాడు, టీచరమ్మతో మాట్లాడాలని.

నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. నాంపల్లిలోని ఆడపిల్లల బడిలో పనిచేస్తున్నాను. నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్ళయింది. చిన్నప్పుడు ఇంటి పక్కన ఉండే ఒక అయ్యగారి దగ్గర నాలుగేళ్ళు పాట నేర్చుకున్నాను కాబట్టి ప్రార్థన పని నా మీద వేశారు. అంతకు మించి నాకు సంగీతం లేదు.

ముసలాయన నాటకాలకు హార్మోనియం వాయించే మాస్టరు. పాటలకు వరసలు కట్టేది కూడా ఆయనే. నన్ను చూసీ చూడగానే అడిగాడు.

“నీ గొంతు ఎవలదో ఎరుకేనా బిడ్డా?”

“నాదే గదా,” అన్నాను.

ఆయన నవ్వలేదు. “కాదు. నేను ముప్పై ఏండ్లు ఆ గొంతు పక్కన కూసొని హార్మోనియం కొట్టిన. నిన్న మొన్న నీ పాట ఇంటుంటే నా చేతులు వాటికవే కదులుతున్నయి.”

విషయం తర్వాత చెప్పాడు. వాళ్ళ సమాజం ఏళ్ళ తరబడి ఆడిన సంగీత నాటకం ఒకటి సినిమా అయింది. మద్రాసులో తీశారు. నాటకంలో నాయిక వేషం వేసే ఆమె వయసు మళ్ళింది కనుక తెర మీద వేరే అమ్మాయిని పెట్టి, పాటలు మాత్రం ఈమె చేతే పాడించారు. సినిమాలో పాటలు ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు నడుస్తాయి, మధ్యలో మాటలు వస్తాయి. గ్రామఫోను ప్లేటు మీద ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. అందుకని ప్లేట్ల కోసం పాటలన్నీ కుదించి మళ్ళీ పాడాలి. ఆరు ప్లేట్లు, పన్నెండు వైపులు. సినిమా విడుదలకు ముందే అవి బజారులోకి రావాలి.

“మరి ఆమెనే పాడొచ్చు గదా?” అన్నాను.

“మద్రాసుల ఆఖరి పాట పాడి బయటికొచ్చింది. గంతే. మళ్ళ గొంతు రాలేదు. దవాఖానల గూడ చూపిచ్చినం. గొంతుల ఏమీ లేదంటరు డాక్టర్లు. బాగనే ఉన్నదంటరు. మాట మాత్రం రాదు.”

మా నాయన ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా. పరువుకు భయపడే మనిషి. నాటకాల వాళ్ళతో మనకేంటి అన్నాడు. చివరికి రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. ప్లేటు మీద నా పేరు రాకూడదు. నేను పాడినట్టు ఎక్కడా చెప్పకూడదు. మాస్టరు వెంటనే సరేనన్నాడు. ప్లేట్లు తీసే కంపెనీ వాళ్ళకు కావలసింది కూడా ఆమె పేరే.

ఆమె ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండేది. మెట్లెక్కి వెళితే ఒకటే పెద్ద గది, దానికి ఆనుకుని చిన్న వంటిల్లు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. మనిషి పొడగరి. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. నేను వెళ్ళేసరికి చాప మీద కూర్చుని పలక ఒళ్ళో పెట్టుకుని ఉంది. ‘పాడు’ అని రాసి చూపించింది. నేను మా ప్రార్థన పాడాను. ఆమె తల వంచుకుని విన్నది. అయిపోయాక లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

గొంతు లేని మనిషి పాట ఎలా నేర్పుతుందని అనుకున్నాను. రెండు నెలలు నేర్పింది. బడి అయిపోగానే నేను వెళ్ళేదాన్ని. మాస్టరు హార్మోనియం పట్టుకుని వరస చెప్పేవాడు. ఆమె నాకు ఎదురుగా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చునేది. నేను పాడుతుంటే ఆమె పెదవులు నాతో పాటు కదిలేవి. నేను తప్పు చేయబోయే చోట ఆమె పెదవులు ముందే ఆగేవి. కొన్ని చోట్ల తన అరచేయి తెచ్చి నా గొంతు మీద ఆనించేది. ఎండాకాలంలో కూడా ఆ చేయి చల్లగా ఉండేది. ఆ చేయి నొక్కినప్పుడు గమకం ఒకలా పలికేది, వదిలినప్పుడు మరొకలా పలికేది. కొన్నాళ్ళకు చేయి పెట్టకపోయినా ఆ చల్లదనం నా గొంతు మీద ఉన్నట్టే తోచేది.

ఇంట్లో ఒకరోజు వంట చేస్తూ ఏదో పాడుకుంటున్నాను. అమ్మ వాకిట్లో నుంచి వచ్చి గడప దగ్గర ఆగింది.

“ఏందమ్మా?” అన్నాను.

“ఏం లేదు. ఎవలన్న చుట్టాలు వచ్చిన్రేమో అనుకున్న,” అన్నది.

నేను ఆ మాటను నవ్వుతూ మాస్టరుకు చెప్పాను. ఆయన అది ఆమెకు చెప్పాడు. ఆమె నవ్వలేదు. పలక మీద ‘ఇంటి కాడ పాడకు’ అని రాసింది.

నాటకం కథ చెప్పాలి. అందులో నాయిక ఒక పడవవాడి భార్య. వరదలో పడవ పోతుంది, భర్త తిరిగి రాడు. ఊరంతా అతను చచ్చాడన్నా ఆమె నమ్మదు. రోజూ రేవు దగ్గరికి వెళ్ళి పిలుస్తుంది. చివరి అంకంలో ఆమె ‘రావా, రేవుకు రావా’ అని నాలుగుసార్లు పిలుస్తుంది. నాలుగో పిలుపుకు ఏటి మీది నుంచి జవాబు వస్తుంది, ‘వస్తున్నా, వస్తున్నా’ అని. ఆమె నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోతుంది. తెర పడుతుంది. ఈ పాటే పన్నెండో వైపు.

ఆ జవాబు కూడా నాటకంలో ఆమే పాడేది. నాలుగో పిలుపు పిలిచి, అట్టతో చేసిన చెట్టు చాటుకు తిరిగి, అక్కడ ఉంచిన నల్ల కుండలో మూతి పెట్టి పాడేది. కుండలో పాడితే గొంతు మగవాడిదో ఆడదో తెలియదు. ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలియదు. ఆ సమయంలో జనం వెనక్కి తిరిగి చూసేవాళ్ళని మాస్టరు చెప్పాడు.

“మద్రాసోళ్ళు కుండ వద్దన్నరు,” అన్నాడు ఆయన ఒకసారి, ఆమె వంటింట్లో ఉన్నప్పుడు. “ఖాళీ గదిల పాడిస్తే ప్రతిధ్వని అదే వస్తదన్నరు. ఆమె వద్దన్నది. ఎవలు ఇంటరు? కుండ లేకుండ మొదటిసారి అప్పుడే పాడింది. పాడి తలుపు తెరుచుకొని బయటికొచ్చి, నా దిక్కు చూసి నోరు తెరిచింది. మాట రాలేదు.”

ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే, నాకూ అలాగే గొంతు పోతే అనిపించింది. మానేద్దామని కూడా అనుకున్నాను. కానీ మర్నాడు సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ ఆ మెట్లెక్కాను. ఆ పాటలు వదిలిపెట్టేలా లేవు.

రికార్డింగు నాంపల్లి స్టేషను రోడ్డులో నాటకం వాళ్ళు తాలీం చేసుకునే, అంటే రిహార్సలు వేసుకునే మేడ మీద జరిగింది. వాద్యగాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు, మాస్టరుకు మళ్ళీ అంత ప్రయాణం చేసే ఓపిక లేదు, కనుక కంపెనీ తన ఇంజనీరును యంత్రంతో సహా మద్రాసు నుంచి పంపింది. కిటికీలకు రజాయిలు, బొంతలు మేకులు కొట్టి వేలాడదీశారు. మధ్యాహ్నం పూట కూడా లోపల దీపం వేసుకోవాలి. పంకా తిప్పితే మోత కనుక పంకా లేదు. రైళ్ళ వేళలు మాస్టరుకు నోటికి వచ్చు. ఫలానా పాసింజరు పోయేదాకా ఆగుదాం అని ఆయన చెయ్యెత్తేవాడు. మేమందరం చెమటలు కారుస్తూ, మాట్లాడకుండా, రైలు దూరమయ్యేదాకా కూర్చునేవాళ్ళం.

ఇంజనీరు ముప్పై ఏళ్ళవాడు. మర్యాదస్తుడు. చెవులకు ఫోను తగిలించుకుని పక్క గదిలో యంత్రం ముందు కూర్చునేవాడు. రెండు గదుల మధ్య తలుపుకు అద్దం ఉంది. నల్లటి లక్క పూసిన పెద్ద పళ్ళెం తిరుగుతుంటే సూది దాని మీద గాడి కోసుకుంటూ వెళుతుంది. గాడి నుంచి సన్నని నల్లటి తీగ లేస్తుంది. దాన్ని ఒక కుంచెతో తుడుస్తూ ఉండాలి.

“కోసిన పళ్ళెం వెంటనే వినడానికి లేదండీ,” అని మొదటి రోజే చెప్పాడు. “సూది పెట్టామంటే పాడైపోతుంది. ఫ్యాక్టరీ నుంచి ప్లేటు వచ్చాకనే ఎవరైనా వినేది. అప్పటిదాకా నా చెవులే నమ్మకం.”

నాలుగు రోజుల్లో పదకొండు వైపులు అయిపోయాయి. ఏ ఇబ్బందీ రాలేదు. ఐదో రోజు మధ్యాహ్నం ఆమె కుండ తెచ్చింది. పాత చీరలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో మోసుకొచ్చింది. నా పక్కన ముక్కాలిపీట మీద పెట్టి చీర విప్పింది. మామూలు నల్ల కుండ. అంచు మాత్రం పెదవులు ఆని ఆని నున్నగా మెరుస్తోంది. లోపల నుంచి తడిమట్టి వాసన వచ్చింది. అందులో నీళ్ళు పోసి ఎన్నేళ్ళయిందో.

ఆమె వెళ్ళి గోడ దగ్గర బల్ల మీద కూర్చున్నది. మాస్టరు చెయ్యెత్తాడు. కోత మొదలైందని తెలిపే ఎర్ర దీపం ఇంజనీరు వెలిగించాడు. నేను పాడాను. నాలుగు పిలుపులు అయ్యాయి. పక్కకు తిరిగి కుండలో మూతి పెట్టి జవాబు పాడి ఆగానో లేదో ఇంజనీరు దీపం ఆర్పి తలుపు తెరిచాడు.

“వెనక ఎవరండీ పాడుతున్నది?”

ఎవరూ పాడలేదు. ఫిడేలు ఆయన, తబలా ఆయన, క్లారినెట్ ఆయన ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంజనీరు ఆమె వైపు చూశాడు.

“ఆమెకు గొంతు లేదు,” అన్నాడు మాస్టరు.

“సరే, మళ్ళీ చూద్దాం.”

కొత్త పళ్ళెం ఎక్కించాడు. మళ్ళీ పాడాను. మళ్ళీ అదే చోట దీపం ఆరిపోయింది. ఈసారి అతను తలుపు దగ్గరే నిలబడి, చాలా నెమ్మదిగా అన్నాడు.

“అమ్మగారిని కాసేపు బయట కూర్చోమంటారా? తప్పుగా అనుకోవద్దు.”

ఆమె లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నది. తలుపు వేశారు. మూడోసారి పాడాను. నాకు మాత్రం కుండలో నా గొంతు తప్ప ఏదీ వినిపించలేదు. కానీ కుండ అంచు నా పెదవులకు చల్లగా తగిలింది. లోపలి గాలి నా మీదికి వస్తున్నట్టనిపించింది. మనం ఊదితే గాలి లోపలికి పోవాలి. అది ఎదురు వచ్చింది. కళ్ళు మూసుకుని పాట పూర్తి చేశాను.

ఇంజనీరు ఈసారి దీపం ఆర్పలేదు. చివరిదాకా కోశాడు. అద్దంలో నుంచి చూస్తే చెవుల ఫోను తీసేసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. బయటికి వచ్చి మాస్టరుతో అన్నాడు.

“ఉందండీ. ఎక్కడిదో తెలియదు, కానీ ఉంది. నా దగ్గర ఇంకొక్క పళ్ళెమే మిగిలింది. కుండ లేకుండా పాడిద్దాం.”

మాస్టరు కుండను తీసుకెళ్ళి బయట మెట్ల మీద ఆమెకు ఇచ్చాడు. నన్ను గది మూలకు, గోడ వైపు తిరిగి జవాబు పాడమన్నారు. అలాగే పాడాను. నాలుగోసారి కావడం వల్ల గొంతు కాస్త బొంగురుపోయింది. “ఇది శుభ్రంగా ఉంది,” అన్నాడు ఇంజనీరు. అయినా కుండతో ఒకటి, లేకుండా ఒకటి, రెండు పళ్ళేలూ పెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు.

నేను కిందికి దిగేటప్పుడు ఆమె ఇంకా మెట్ల మీదే ఉంది. కుండ ఒళ్ళో ఉంది. దాని మూతి మీద అరచేయి పెట్టి మూసి పట్టుకుంది.

రెండు నెలల తర్వాత మచ్చు ప్లేట్లు వచ్చాయి. ఆబిడ్స్‌లో రికార్డులు అమ్మే షాపాయన సినిమా తీసిన సేటుకు స్నేహితుడు. ఆదివారం పొద్దున షాపు మూసి ఉంటుంది కనుక అక్కడ విందామన్నారు. షటరు సగం దించి లోపల కూర్చున్నాం. మాస్టరు, ఆమె, నేను, షాపాయన. బయట సైకిల్ రిక్షాల గంటలు వినిపిస్తున్నాయి. ఇంజనీరు పంపిన ఉత్తరం మాస్టరు జేబులో ఉంది.

పదకొండు వైపులు విన్నాం. ప్లేటు మీద నా గొంతు నేను మొదటిసారి వినడం. అది నాది కాదు. నేర్పినామె గొంతు అచ్చం అలాగే ఉంటుందని షాపాయన అన్నాడు. ఆయన ఆమె నాటకాలు చూసిన మనిషి. నా గొంతు విందామని వెళ్ళినదాన్ని. ఎక్కడా దొరకలేదు. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

తర్వాత కుండ లేని పన్నెండో వైపు విన్నాం. బాగానే ఉంది. షాపాయన కుండతో పాడిన ప్లేటు తీసి తిప్పి చూసి సూది పెట్టాడు.

నా పిలుపులు నాలుగూ వినిపించాయి. తర్వాత కుండలో నా జవాబు, ‘వస్తున్నా, వస్తున్నా’. అది అయిపోయాక క్లారినెట్ ఎత్తుకునే ముందు చిన్న ఖాళీ ఉంది. ఒక ఊపిరి తీసుకునేంత. ఆ ఖాళీలో, సన్నగా, దూరంగా, లేతగా ఒక ఆడగొంతు పాడింది.

‘నువ్వు రా.’

షాపాయన సూది ఎత్తేశాడు. మాస్టరు ఉత్తరం తీసి చదివాడు. ఒక్కొక్కసారి పక్క గాడిలోని శబ్దం ఈ గాడిలోకి దిగుతుంది, పాడిన ముక్కే ముందో వెనకో నీడలా వినిపిస్తుంది, దానికి భయపడనక్కరలేదు అని ఇంజనీరు రాశాడు. అంతా విని నేను అన్నాను.

“కాని మాస్టరుగారూ, ఆ మాట పాటలో లేదు గదా. నేను పాడలేదు.”

నేను ఆమె వైపు తిరిగాను. అందరమూ అనుకున్నదే నేనూ అనుకున్నాను. పోయిన ఆమె గొంతే ఎలాగో ఆ కుండలో మిగిలి ఉందని. ఆమె పలక తీసి రాసింది. రాసి నాకే ఇచ్చింది.

‘అది నాది కాదు. నా చెల్లెలిది.’

తర్వాతి సంగతి మాస్టరు చెప్పాడు. నాటకం మొదలుపెట్టిన కొత్తలో చెట్టు చాటున కుండలో జవాబు పాడేది ఆమె చెల్లెలట. పదహారేళ్ళ పిల్ల. అప్పుడు పాటలో మాట ‘వస్తున్నా’ కాదు, ‘నువ్వు రా’. జిల్లాలో ఒక ఊళ్ళో నాటకం ఆడుతున్నప్పుడు గత్తర, అదే కలరా, వచ్చింది. పిల్ల పొద్దున పడుకుని సాయంత్రానికి పోయింది. అక్క అప్పటికి పక్క ఊళ్ళో తర్వాతి ఆటకు బయానా డబ్బు మాట్లాడడానికి వెళ్ళింది. కబురు అంది వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. ఆరు నెలల తర్వాత నాటకం మళ్ళీ ఎత్తుకున్నప్పుడు ఆ మాట పాడలేనన్నది. ‘నువ్వు రా’ అనే మాట వినలేనన్నది. అందుకని మాస్టరే ‘వస్తున్నా’ అని మార్చాడు.

“ఆ సంగతి నాకు, ఆమెకు తప్ప ఇప్పుడున్నోళ్ళెవలకూ తెల్వదు బిడ్డా,” అన్నాడు. “నీకు ఎవలు చెప్తరు?”

ఆమె మళ్ళీ పలక అందుకుని, తుడిచి, రాసింది. ‘ఇన్నేండ్లు కుండల పాడినప్పుడల్లా నాకు వినబడేది. జనానికి వినబడకపోయేది. అందుకే నేనే పాడుకుంట వచ్చిన. వేరేటోళ్ళకు ఇయ్యలేదు.’

“మరి నన్నెందుకు పాడమన్నరమ్మా?” అన్నాను. కోపంగానే అన్నాను.

ఆమె నా కళ్ళలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా రాసింది. ‘నీకు గూడ పలుకుతదో లేదో చూద్దామని.’

కుండ లేని పాటే బజారుకు వెళ్ళింది. కుండతో పాడిన పళ్ళెం పగలగొట్టమని కంపెనీకి రాశారు. కుండతో పాడిన మచ్చు ప్లేటు ఒక్కటి ఆమె అడిగి తీసుకుంది.

సినిమా ఐదారు వారాలు ఆడింది. ప్లేట్లు మాత్రం బాగా అమ్ముడుపోయాయి. వాటి మీద ఆమె పేరుంది. ఆబిడ్స్ హోటళ్ళలో మైకులో ఆ పాటలే వేసేవాళ్ళు. ఒకరోజు మా నాయన ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. చేతులు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని, అన్నం కలుపుతూ, ఎవరినీ చూడకుండా అన్నాడు.

“హోటల్ల నీ పాట ఏసిన్రు. చాయ్ అయిపోయినా కూసొని విన్న.”

“ఎట్లున్నది నాయనా?”

“బాగున్నది,” అన్నాడు. ఇంకో ముద్ద తిని, “పేరు పెట్టిచ్చుకోకపోతిమి,” అన్నాడు.

ఆ మాటతో నాకు చాలా బరువు దిగిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఆమె ఇంటికి వెళ్ళలేదు. మాస్టరు కబురు చేసినా ఏదో సాకు చెప్పాను. అయితే ఆమె నాకు అన్యాయం చేసిందని ఎంత అనుకున్నా, అలా మెట్ల మీద కుండ మూతి మూసుకుని కూర్చున్న మనిషి కళ్ళ ముందు నుంచి పోలేదు. దసరా సెలవుల్లో వెళ్ళాను.

ఆమెకు కాస్త గొంతు వచ్చింది. పాడే గొంతు కాదు. ఎండుటాకులు రాసుకున్నట్టు గుసగుసగా వచ్చే మాట. నన్ను చూసి “వచ్చినవా బిడ్డా,” అన్నది. గదిలో ఒక పాత గ్రామఫోను కొత్తగా చేరింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ మచ్చు ప్లేటు పెట్టింది. నేను లేచి వెళ్ళబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. విన్నాను. ‘నువ్వు రా’ దగ్గర ఆమె ముఖం చూశాను. భయం లేదు. ఎవరో చిన్నపిల్ల ఆటలో దాక్కుని పిలుస్తుంటే వినే ముఖం అది.

“రోజు ఇంటరా?” అన్నాను.

“ఔ. రోజొక్కసారి.”

“భయం కాదా?”

“భయమెందుకు? చెల్లె పోయిన పొద్దు నేను గాడ లేను. పిలిచే ఉంటది గద.” అంతే అన్నది.

అప్పటి నుంచి రెండు మూడు నెలలకొకసారి వెళ్ళేదాన్ని. ప్లేటు ప్రతిసారీ కొంత అరిగినట్టు వినిపించేది. ఉక్కు సూది, లక్క ప్లేటు. అరగడం సహజమే. ముందు తబలా పోయింది. తర్వాత క్లారినెట్ గరగరలాడింది. తర్వాత నా పిలుపులు బొంగురుపోయి, ఇసుక మీద చీపురు ఈడ్చినట్టయ్యాయి. గట్టిగా పాడిన చోటే ముందు అరుగుతుందని షాపాయన చెప్పాడు. సన్నగా పాడింది ఎక్కువ కాలం ఉంటుందట. అది నిజమే. నేను అరిగిపోతూ వచ్చాను. ఆ గొంతు అరగలేదు. నా జవాబు కూడా వినిపించకుండా పోయాక, ఉత్త గరగర మధ్యలో ఆ రెండు మాటలు మాత్రం కడిగినట్టు స్పష్టంగా వచ్చేవి.

రాష్ట్రాలు కలుస్తున్నాయని అందరూ మాట్లాడుకుంటున్న రోజుల్లో నాకు వరంగల్‌కు బదిలీ అయింది. చెప్పి పోదామని వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది. ఆమె చాలా చిక్కిపోయింది. నేను తెచ్చిన పండ్లు పక్కన పెట్టి, ప్లేటు ఎక్కించి, సూది పెట్టకుండా చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది.

“ఇప్పుడు పిలుపు వినబడ్తలేదు బిడ్డా,” అన్నది గుసగుసగా. “ఉత్త జవాబే వస్తున్నది. పిలవకుంట జవాబు వస్తుంటే బాగలేదు. పాపం అనిపిస్తున్నది. నాకు గొంతు లేదాయె. ఒక్కసారి నువ్వు పిలువు.”

నేను కాదనలేకపోయాను. నాలుగేళ్ళుగా ఆ పాట నా నోట రాలేదు. ఆమె సూది పెట్టింది. గరగర మొదలైంది. ఎక్కడ ఎత్తుకోవాలో ఆ గరగరలోనే నాకు తెలిసింది. పాడాను. ‘రావా, రేవుకు రావా.’ ఒకటి, రెండు, మూడు. గొంతు మీద ఆ పాత చల్లదనం వచ్చి కూర్చుంది. ఆమె నాకు దూరంగా, గ్రామఫోను పక్కనే ఉంది. నాలుగోసారి పిలిచి ఆగాను.

ఖాళీ వచ్చే చోటు ఇంకా రాలేదు. నా లెక్కలో ఇంకా ‘వస్తున్నా’ అనే వరస ఉంది. అయినా నేను ఆగీ ఆగగానే, నా పిలుపు కోసమే కాచుకుని ఉన్నట్టు, పెట్టెలో నుంచి ‘నువ్వు రా’ అని వచ్చింది. ఇదివరకటి కన్నా దగ్గరగా వచ్చింది.

ఆమె కళ్ళు మూసుకుని నవ్వింది. సూది ఎత్తి, ప్లేటును పమిట కొంగుతో తుడిచింది.

“ఇంకొకసారి పిలువు,” అన్నది.

“చాలమ్మా,” అన్నాను.

ఆమె బలవంతం చేయలేదు. నా తల మీద చేయి పెట్టి, “మంచిగుండు బిడ్డా,” అన్నది. ఆ రోజు మాత్రం ఆమె చేయి వెచ్చగా ఉంది. నేను చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాను. సగం దిగేసరికి పైన మళ్ళీ సూది పెట్టిన చప్పుడైంది. నేను ఆగలేదు. సందు దాటి స్టేషను రోడ్డు మీదికి వచ్చి, ఎండలో, ఆ నోటితో ఎవరినీ పిలవబుద్ధి కాక రిక్షా కూడా పిలవకుండా ఆబిడ్స్ దాకా నడిచాను.